వేరు పురుగు కోసం తెచ్చిన కప్ప

తొలకరి జల్లు పడి నేల తడిసిన సాయంత్రం వేప చెట్టు కింద కాసేపు నిలబడి చూడండి. చీకటి పడుతుండగానే భూమిలోంచి గోధుమరంగు పెంకు పురుగులు బుయ్యిమంటూ లేచి కొమ్మల మీద వాలతాయి. రాత్రంతా ఆకు తిని, తెల్లవారేసరికి మళ్లీ మట్టిలో దూరతాయి. ఇవి నేలలో పెట్టే గుడ్ల నుంచి వచ్చేదే వేరు పురుగు. వేరుశనగ రైతుకూ, చెరకు రైతుకూ దీని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నిన్నటి దాకా పచ్చగా ఉన్న మొక్క వాడిపోతుంది. పట్టి లాగితే వేళ్లు లేకుండా చేతిలోకి వచ్చేస్తుంది. మట్టి పెళ్లగిస్తే తెల్లగా, లావుగా, నెలవంకలా ముడుచుకున్న పురుగు కనిపిస్తుంది.

అదే సాయంత్రం వీధి దీపం కింద మరో దృశ్యం. ఒళ్లంతా పొక్కులున్న కప్ప ఒకటి గోడవారన కదలకుండా కూర్చుని, రాలిన పురుగును రాలినట్టే నాలుకతో లాగేస్తుంటుంది. గంటలో ఎన్ని మింగుతుందో లెక్క పెట్టలేం. ఇది చూశాక ఎవరికైనా ఒక ఆలోచన వస్తుంది. ఈ కప్పల్నే ఇంకా పెద్ద రకం ఎక్కడైనా దొరికితే తెచ్చి, చేలో వదిలేస్తే మందుల ఖర్చు తప్పుతుంది కదా! చిన్నప్పుడు మా చేలో ఈ ప్రయోగం నేనూ చేశాను. గోనెసంచిలో వేసుకెళ్లి వదిలిన కప్పలు మర్నాటికి ఒక్కటీ కనిపించలేదు.

నాది పిల్ల చేష్ట. కానీ ఇదే పని 1935లో ఆస్ట్రేలియా చెరకు పరిశ్రమ పెద్ద ఎత్తున చేసింది. తెచ్చింది దక్షిణ అమెరికా కప్ప. చెరకు తోటల కోసం తెచ్చారు కాబట్టి దానికి 'చెరకు కప్ప' అనే పేరు స్థిరపడింది. తొంభై ఏళ్లు దాటినా ఆ దేశం దాన్ని వదిలించుకోలేకపోతోంది. ఆ కప్ప పేరేమిటి, దాని సొంత ఊరేది, ఏ కుటుంబానికి చెందింది అన్న ప్రశ్నలు శాస్త్రవేత్తల గోల అనిపించవచ్చు. తెచ్చిన వాళ్లకూ అలాగే అనిపించింది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

పేరులోనే పొరపాటు

శాస్త్రవేత్తలు ప్రతి జీవికీ రెండు మాటల పేరు పెడతారు. మన పద్ధతిలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఈ పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ పండితుడు లిన్నేయస్ 1758లో ఈ కప్పకు 'రానా మెరీనా' అని పేరు పెట్టాడు. మెరీనా అంటే సముద్రానికి చెందినది అని అర్థం. నిజానికి ఈ కప్పకూ సముద్రానికీ ఏ సంబంధమూ లేదు. ఉప్పు నీటిలో పడితే మన కప్పలకు పట్టే గతే పెద్ద కప్పకూ పడుతుంది. మరి ఆ పేరెలా వచ్చింది? ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్బర్టస్ సెబా అని ఒక మందుల వ్యాపారి ఉండేవాడు. ఓడల మీద వచ్చే వింత జంతువులన్నీ కొని దాచిపెట్టేవాడు. వాటి బొమ్మలతో 1734లో పుస్తకం వేయించాడు. ఈ కప్ప నేల మీదా, సముద్రంలోనూ ఉంటుందని అందులో పొరపాటున రాశాడు. లిన్నేయస్ ఆ బొమ్మను చూసి, ఆ మాట నమ్మి పేరు పెట్టేశాడు. పెట్టిన పేరు మార్చకూడదన్నది శాస్త్రవేత్తల కట్టుబాటు. అందుకే చెరకు చేను తప్ప సముద్రం ఎరగని కప్ప ఇప్పటికీ 'మెరీనా'గానే చలామణీ అవుతోంది.

సొంత పేరు మారకపోయినా ఇంటిపేరు మాత్రం మారుతూ వచ్చింది. రానా అనేది నున్నటి చర్మంతో, పొడవాటి కాళ్లతో దూరం దూకే కప్పల ఇంటిపేరు. ఈ పొక్కుల కప్ప ఆ ఇంటిది కాదని తర్వాత తేలింది. 1799లో దాన్ని 'బ్యూఫో' ఇంట్లో చేర్చి 'బ్యూఫో మెరైనస్' అన్నారు. మన వీధి దీపం కింద కనిపించే పొక్కుల కప్ప కూడా చాలాకాలం ఆ ఇంటిదే. రెండు వందల ఏళ్ల పాటు లోకంలోని పొక్కుల కప్పలు చాలావరకు బ్యూఫో అనే ఉమ్మడి కుటుంబంలోనే ఉన్నాయి. 2006లో జన్యు పరీక్షల ఆధారంగా ఆ ఉమ్మడి కుటుంబాన్ని వేరు చేశారు. దక్షిణ అమెరికా కప్ప ఇప్పుడు 'రైనెల్లా మెరీనా'. మన కప్ప 'దత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్'. మన కప్పకు వచ్చిన కొత్త ఇంటిపేరులోని 'దత్తా' మన దేశపు కప్పల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తాదే. ఆయన గౌరవార్థం పెట్టారు. మెలనోస్టిక్టస్ అంటే నల్లచుక్కలది. మన కప్ప పొక్కుల కొనలు చూస్తే ఈ పేరు తగిందేనని మీరే ఒప్పుకుంటారు.

వేరుపడ్డా రెండూ ఒకే వంశం. ఈ వంశం కప్పలకు కంటి వెనక రెండు వైపులా ఉబ్బెత్తు గ్రంథులుంటాయి. పట్టుకుని నొక్కితే పాలలాంటి విషం వస్తుంది. చెరకు కప్పకు ఈ గ్రంథులు చాలా పెద్దవి, భుజం దాకా దిగి ఉంటాయి. వయసొచ్చిన కప్పే కాదు, దాని గుడ్డూ విషమే, చేపపిల్లలా ఈదే తోక కప్ప కూడా విషమే. ఈ విషం గుండె మీద పని చేస్తుంది.

కొండకు అటూ ఇటూ

ఇక ఊరు. దక్షిణ అమెరికా పటం చూస్తే పడమటి అంచున పైనుంచి కిందికి ఆండీస్ పర్వతాలు గోడ కట్టినట్టు ఉంటాయి. తూర్పున అమెజాన్ నది పరీవాహక ప్రాంతం. వెనిజులా, గయానా, సూరినామ్, ఫ్రెంచ్ గయానా, బ్రెజిల్‌లోని అమెజాన్ ప్రాంతం, కొలంబియా, ఈక్వెడార్, పెరూ, బొలీవియా దేశాల తూర్పు భాగాలు - ఇది రైనెల్లా మెరీనా సొంత ఊరు. దట్టమైన అడవి లోపల కంటే అడవి అంచుల్లో, ఏటి ఒడ్డున, ఊళ్ల చుట్టుపక్కల ఎక్కువగా బతుకుతుంది. అంటే మనిషి ఎక్కడ చెట్లు కొట్టి చదును చేస్తే అక్కడికి చేరే రకం.

పర్వతాలకు పడమట, అక్కడి నుంచి ఉత్తరాన మధ్య అమెరికా, మెక్సికో మీదుగా అమెరికా దేశంలోని టెక్సాస్ దక్షిణ కొన దాకా కూడా ఇలాంటి కప్పే ఉంది. చూడటానికి తేడా పెద్దగా తెలియదు. 1833లో ఒక జర్మన్ శాస్త్రవేత్త మెక్సికో కప్పను వేరే రకమని రాసి 'హారిబిలిస్' అని పేరు పెట్టాడు. భయంకరమైనది అని దాని అర్థం. తర్వాతి వాళ్లు అదేం కాదు, రెండూ ఒకటేనని ఆ పేరును అటకెక్కించారు. 1998లో జన్యు పరీక్షలు చేసినప్పుడు కొండకు తూర్పు కప్పలకూ, పడమటి కప్పలకూ చాలా తేడా ఉందని బయటపడింది. ఆండీస్ గోడ అడ్డం లేవడంతో ఎన్నో లక్షల ఏళ్లుగా ఇటువి అటు కలవలేదు. చివరకు 2016లో, జన్యువుల్లోనే కాదు శరీర నిర్మాణంలోనూ తేడా ఉందని చూపించి, రెండు రకాలుగా విడదీశారు. తూర్పుది మెరీనా, పడమటిది అటక మీది నుంచి దిగివచ్చిన పాత పేరుతో రైనెల్లా హారిబిలిస్. ఈ విభజన వల్ల ఎవరికేం ఒరిగింది అనకండి. దాని అవసరం కొంచెం తర్వాత వస్తుంది.

సొంత ఊళ్లో ఈ కప్ప ఎవరికీ బెడద కాదు. దాని విషాన్ని తట్టుకుని తినే పాములూ, కైమన్ అనే మొసళ్లూ అక్కడున్నాయి. ఊపిరితిత్తుల్లో చేరే పురుగులు, ఒంటిని పట్టుకునే పిడుదులు, రకరకాల రోగాలు దాన్ని అదుపులో ఉంచుతాయి. ఆస్ట్రేలియాలో ఎకరానికి ఉన్నన్ని కప్పలు వెనిజులాలో లేవని రెండు చోట్లా లెక్క పెట్టిన వాళ్లు చెప్పారు.

ఓడెక్కిన కప్ప

కప్ప తనంతట తాను సముద్రం దాటలేదు. చెరకు దాన్ని దాటించింది. కరీబియన్ దీవుల్లో చెరకు తోటలు విస్తరించినప్పుడు, 19వ శతాబ్దం మధ్యకల్లా, దగ్గర్లో ఉన్న గయానా తీరం నుంచి మార్టినిక్, బార్బడోస్ దీవులకు దీన్ని తీసుకెళ్లారు. 1844లో జమైకాకు తెచ్చింది పురుగుల కోసం కూడా కాదు, చెరకు కొరికే ఎలుకల కోసం! కప్ప ఎలుకల్ని అదుపు చేస్తుందని ఎవరికి ఎందుకు తోచిందో గాని, ఎలుకలు తగ్గలేదు. దాంతో 1872లో అదే ఎలుకల కోసం మన దేశం నుంచి ముంగిసల్ని ఓడలో తెప్పించారు. అవి కాస్తా కోళ్ల మీద, పక్షుల గుడ్ల మీద పడ్డాయి. అది వేరే కథ.

1920ల్లో ప్యూర్టోరికో దీవి చెరకు తోటల్లో వేరు పురుగు బెడద మితిమీరింది. బార్బడోస్, జమైకాల నుంచి కప్పల్ని తెచ్చి వదిలారు. తర్వాత కొన్నేళ్లకు పురుగు తగ్గింది. అక్కడి పరిశోధకురాలు రాక్వెల్ డెక్స్‌టర్ కప్పల కడుపులు కోసి, అవి తిన్న పురుగుల లెక్క తీసి, 1932లో ప్యూర్టోరికోలోనే జరిగిన ప్రపంచ చెరకు శాస్త్రవేత్తల సమావేశంలో వివరించింది. కప్ప పెంకు పురుగుల్ని తింటున్న మాట నిజమే. అయితే ఆ ఏళ్లలోనే ఆ దీవిలో వానలు బాగా పడ్డాయి. పురుగు తగ్గింది వానల వల్ల కావచ్చునని తర్వాతి కాలంలో పరిశీలించినవాళ్లు అన్నారు. అప్పుడు మాత్రం పేరంతా కప్పకే వచ్చింది. ఇలాంటివి మనకూ కొత్త కాదు. మందు కొట్టిన మర్నాడు వాన పడి పేనుబంక కొట్టుకుపోతే, మెచ్చుకునేది మందునే కదా.

1932లోనే కప్పలు హవాయి దీవులకు చేరాయి. అక్కడి నుంచి 1935 జూన్‌లో 102 కప్పల్ని రెజినాల్డ్ మంగోమరీ అనే కీటక శాస్త్రవేత్త ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి పట్టుకెళ్లాడు. గోర్డన్‌వేల్ అనే ఊరి దగ్గర చెరకు పరిశోధన కేంద్రంలో వాటిచేత గుడ్లు పెట్టించి, ఆగస్టులో సుమారు 2,400 కప్ప పిల్లల్ని తోటల్లో వదిలారు. ఒక్క ఆడ కప్ప ఒక విడతకు 8 వేల నుంచి 30 వేల గుడ్ల దాకా పెడుతుంది. ఇక లెక్క మీరే వేసుకోండి.

వద్దన్నవాళ్లు లేకపోలేదు. వాల్టర్ ఫ్రాగట్ అనే కీటక శాస్త్రవేత్త ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాక కూడా ఊరుకోకుండా, ఈ కప్ప నేల మీద తిరిగే చిన్న జీవుల్ని తినేస్తుంది, కుందేళ్ల లాగే ఇదీ పెద్ద బెడద అవుతుంది అని పత్రికల్లో రాశాడు. ప్రభుత్వం కొన్నాళ్లు కప్పల్ని వదలడం ఆపించింది కూడా. చెరకు పరిశ్రమ ఒత్తిడి మీద 1936లో మళ్లీ అనుమతి ఇచ్చేసింది.

పురుగు ఒకచోట, కప్ప ఒకచోట

మరి ఫలితం? పెంకు పురుగు ఎక్కడుంటుందో మీకు తెలుసు. క్వీన్స్‌లాండ్ తోటల్లో ఎక్కువ నష్టం చేసే బూడిదరంగు పెంకు పురుగు కూడా మన పురుగు లాంటిదే. వానలకు నేలలోంచి లేచి, ఎగిరి, చెట్ల ఆకులు తింటుంది. కప్ప ఎగరలేదు, చెట్టెక్కలేదు. గుడ్లు పెట్టడానికి పురుగు చేలోకి దిగినా వెంటనే మట్టిలోకి పోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు జానెడు లోతున వేళ్ల మధ్య ఉంటుంది. కప్ప మట్టి తవ్వి తినే రకం కాదు. పైగా పురుగు లేచే రోజుల్లో చెరకు ఇంకా చిన్నది, సాళ్ల మధ్య నేల బోడిగా ఎండకు మాడుతుంటుంది. పగలు తలదాచుకోవడానికి చల్లటి చోటు లేని చేలో కప్ప ఎందుకుంటుంది? అవి నేరుగా ఏటి ఒడ్డుకూ, పశువుల కొట్టాలకూ, ఇళ్ల దీపాల కిందికీ పోయాయి. నా గోనెసంచి కప్పల రహస్యం నాకు అర్థమయింది ఇది చదివాకే.

చివరకు వేరు పురుగును ఆపింది కప్ప కాదు. 1940ల చివర్లో వచ్చిన బి.హెచ్.సి. పొడి. నలభై ఏళ్లు దాని మీదే నడిచారు. భూమిలో మిగిలిపోయే విషమని 1987లో అక్కడ ఆపేశారు. మన దేశంలో 1997లో నిషేధించారు. ఆ తర్వాత అక్కడి వాళ్లు వాడుతున్న వాటిలో మెటారైజియం శిలీంద్రం ఒకటి. అది మనకూ దొరుకుతోంది.

కప్పలు మాత్రం ఆగలేదు. మొదట్లో ఏడాదికి పది కిలోమీటర్లు పాకితే, తర్వాత్తర్వాత ముందు వరుసలో ఉన్నవి ఏడాదికి యాభై కిలోమీటర్ల వరకూ పోసాగాయి. ముందు వరుసలోని కప్పల కాళ్లు మిగిలిన వాటికంటే పొడవుగా ఉన్నాయని 2006లో కొలిచి చెప్పారు. వేగంగా పోయేవే ముందు పోయి, అక్కడ తమలో తాము జతకట్టడంతో తరం తరానికీ వేగం పెరుగుతోంది. 2009కల్లా దేశానికి అటు పక్కనున్న పశ్చిమ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టాయి. ఇప్పుడు ఇరవై కోట్లకు పైమాటే అని ఒక అంచనా. 2023 జనవరిలో క్వీన్స్‌లాండ్ అడవిలో దొరికిన ఒక ఆడ కప్ప బరువు 2.7 కిలోలు తూగింది. మంచి పెంపుడు కోడంత!

రైతులకు ఒరిగిందేమిటో కూడా చెప్పుకోవాలి. తేనెటీగల పెట్టెల ముందు కూర్చుని ఈగల్ని మింగుతాయి కాబట్టి పెట్టెల్ని ఎత్తు బల్లల మీదికి ఎక్కించాల్సి వచ్చింది. పశువుల పేడను మట్టిలో కలపడానికి ఆ దేశం ప్రత్యేకంగా తెప్పించుకున్న పేడ పురుగుల్ని కూడా తినేస్తున్నాయి. కప్పను కరిచిన కుక్కలు చచ్చిపోతున్నాయి.

ఇంటిపేరు ఎందుకు పనికొచ్చింది

ఇప్పుడు మళ్లీ పేరు, వంశం దగ్గరికి వద్దాం. ఆస్ట్రేలియాలో కప్పలు లేవా అంటే, రెండు వందలకు పైగా రకాలున్నాయి. కానీ ఈ పొక్కుల కప్పల వంశానికి చెందినది ఒక్కటీ లేదు. అక్కడి పాములు, ఉడుములు, మొసళ్లు, క్వోల్ అనే పిల్లి సైజు జంతువులు తరతరాలుగా కప్పల్ని తిని బతికినవే. ఈ కొత్త కప్పనూ అలాగే నోట కరుచుకుని ప్రాణాలు పోగొట్టుకున్నాయి. ఈ వంశం ఆ నేలలో లేదన్న ఒక్క సంగతి మీద ఆగి ఆలోచించి ఉంటే, అక్కడి జంతువులకు దీని విషంతో పరిచయం లేదని ముందే తెలిసేది.

మన దగ్గర అలా కాదు. మన నేల మీద ఈ వంశం కప్పలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటితో కలిసి పెరిగిన పాములకూ, ఉడుములకూ ఆ విషం కొంతవరకు అలవాటే. ఆసియా, ఆఫ్రికా ఉడుముల శరీరంలో ఈ విషాన్ని తట్టుకునే మార్పు ఉందని, ఆస్ట్రేలియా ఉడుముల్లో అది లేదని 2015లో జన్యు పరిశోధన చూపించింది. మన నీరుకట్టె పాము బంధువు ఒకటి పూర్వకాలంలో ఎప్పుడో ఆసియా నుంచి ఆస్ట్రేలియా చేరింది. అక్కడి పాముల్లో ఈ కప్ప పిల్లల్ని తిని కూడా బతకగలిగే వాటిలో అదొకటి.

రెండో సంగతి, కొండకు అటూ ఇటూ అన్న విభజన. కప్పకు సొంత ఊళ్లో శత్రువులున్నారు కదా, ఆ రోగాల్నో పురుగుల్నో తెచ్చి వదులుదామని 1990ల్లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వెనిజులా వెళ్లి వెతికారు. కొన్ని వైరస్‌లు దొరికాయి. కానీ అవి ఆస్ట్రేలియా సొంత కప్పల పిల్లల్నీ చంపుతాయని పరీక్షల్లో తేలడంతో ఆ ఆలోచన మానేశారు. ఒకసారి చేతులు కాలాయి కాబట్టి ఈసారి ముందే పరీక్షించారు. శత్రువును వెతకాలంటే ఏ కప్ప సొంత ఊరికి వెళ్లాలన్నది మొదటి ప్రశ్న. ఆస్ట్రేలియాలో ఉన్నది తూర్పు రకమని, గయానా తీరం నుంచి బార్బడోస్, ప్యూర్టోరికో, హవాయి మీదుగా వచ్చిన సంతతేనని జన్యు పరీక్షల్లో తేలింది. రెండూ ఒకటేననుకుని మెక్సికోలోనో, పనామాలోనో వెతికితే దొరికేది వేరే కప్ప శత్రువు. మనం సబ్బు నీళ్లతో పోయే పురుగుకూ, పోని పురుగుకూ ఒకే మందు కొట్టినట్టు ఉంటుంది.

ఇప్పుడు అక్కడ కొంత ఫలితమిస్తున్నవి చిన్న ఉపాయాలే. ఈ కప్ప పిల్లలు తమ జాతి గుడ్ల విషం వాసనకు చేరి ఆ గుడ్లను తింటాయి. ఆ వాసననే ఎరగా పెట్టి నీటిలో బుట్టలతో వాటిని పట్టే పద్ధతిని 2012లో కనిపెట్టారు. ఎండ ప్రాంతాల్లో పశువుల కోసం తవ్విన కుంటల చుట్టూ రేకులు కట్టి కప్పల్ని రానివ్వకపోతే, నీరు దొరక్క అవి చచ్చిపోతాయని కూడా గమనించారు.

మన దేశంలో చెరకు కప్ప స్థిరపడలేదు. అయితే మన కప్ప బంధువులు మాత్రం బయటి ప్రాంతాలకు బెడదగా మారాయి. మడగాస్కర్ దీవిలో కూడా ఈ వంశం కప్పలు మొదట్లో లేవు. ఓడరేవులో దిగిన సరుకుతో పాటు నల్లచుక్కల పొక్కుల కప్ప అక్కడికి చేరిందని 2014లో ప్రపంచానికి తెలిసింది. మన కప్పే కదా అని మొదట అనుకున్నారు. జన్యు పరీక్ష చేస్తే అది భారతదేశపు సంతతి కాదు, కంబోడియా, వియత్నాం వైపు నుంచి వచ్చిందని తేలింది. నింద తప్పిందని సంతోషించవచ్చు గాని, ఆ దీవి జంతువులకు మాత్రం ఆస్ట్రేలియా గతే పట్టేలా ఉంది.

మనవైపు సంగతి

ఇదంతా చదివి బయటి నుంచి మిత్రజీవుల్ని తేవడమే తప్పు అనుకోవద్దు. 2008లో కోయంబత్తూరు వైపు బొప్పాయి పిండినల్లి కనిపించి, రెండేళ్లలో బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటల్ని తెల్లగా కప్పేసిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతపు పురుగు. 2010లో బెంగళూరు శాస్త్రవేత్తలు దాని సహజ శత్రువులైన మూడు రకాల పరాన్నజీవి ఈగల్ని తెప్పించారు. ఎక్కడి నుంచో తెలుసా? ఆ కప్ప ప్రయాణించిన ప్యూర్టోరికో నుంచే. ఆవగింజంత కూడా లేని ఈ ఈగలు ఆ ఒక్క పిండినల్లి ఒంట్లో తప్ప గుడ్డు పెట్టవని ముందు బంధించి పరీక్షించి చూశాక వదిలారు. కొద్ది నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది. పురుగు పేరు సరిగ్గా గుర్తుపట్టడం, దాని సొంత ఊరు వెతకడం, ఒక్కదాన్నే తినే శత్రువును ఎంచడం - మూడూ కుదిరాయి. కప్ప విషయంలో ఒక్కటీ కుదరలేదు. కదిలేదాన్ని, నోట్లో పట్టేదాన్ని దేన్నయినా మింగే జీవి అది. చెరకు పీక పురుగు గుడ్ల మీద వాడే ట్రైకోగ్రామా కార్డులు కూడా మొదటి కోవకే వస్తాయి. అవి పురుగు గుడ్ల జోలికే పోతాయి గాని మీ కోళ్ల గుడ్ల జోలికి రావు.

బయటి నుంచి జీవుల్ని తేవాలంటే కేంద్రం అనుమతి, పరీక్షలు తప్పనిసరి. ఇది కాగితాల గొడవ అనుకుని దొడ్డిదారిన తెచ్చినవి ఏం చేశాయో మన కోస్తా చెరువుల రైతులకు తెలుసు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను 2000లో కేంద్రం నిషేధించింది. తొందరగా పెరుగుతుందని చాటుగా పెంచితే, వరదల్లో గట్లు తెగి ఏర్లలో కలిసి మన చేపల్ని తినేస్తోంది. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి పురుగులు తినే కొత్త రకం జీవి అంటూ అమ్మజూపితే దాని పేరేమిటి, ఏ దేశపుది, ఇంకేం తింటుంది అని అడగండి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేకపోతే డబ్బు తీయకండి. మీ వ్యవసాయాధికారికి చెప్పండి.

ఉన్న కప్పల్ని మాత్రం పోగొట్టుకోవద్దు. మన పొక్కుల కప్ప గట్ల మీద, పాదుల దగ్గర, కొట్టాల్లో రాత్రిపూట నేల మీద తిరిగే పురుగుల్ని, చీమల్ని, చెదల్ని తింటుంది. వేరు పురుగును నిర్మూలిస్తుందని నేను చెప్పను. వానలు మొదలయ్యాక నిలిచిన నీటిలో గడ్డి చుట్టూ నల్లపూసల దండల్లా అల్లుకున్న జిగురు తీగలు కనిపిస్తే అవి దీని గుడ్లు. నురగలోనో, ముద్దలుగానో కనిపిస్తే వేరే కప్పలవి. ఆ గుంటలో మందు డబ్బాలు కడగకుండా ఉంటే చాలు. కప్పను పట్టుకున్న చేతిని కంట్లో పెట్టుకోకుండా సబ్బుతో కడుక్కోవాలి. కుక్క నోటితో పట్టుకుంటే నురగ కక్కుతుంది, వెంటనే నోరు నీళ్లతో కడిగి పశువైద్యుడికి చూపించండి.

ఇక వేరు పురుగుకు మార్గం దాని బతుకు తీరులోనే ఉంది. మంచి వాన పడిన మొదటి రెండు, మూడు రాత్రులు చేను చుట్టూ ఉన్న వేప, రేగు, తుమ్మ చెట్ల దగ్గరికి ఊరంతా కలిసి వెళ్లండి. కొమ్మలు గట్టిగా దులిపితే రాలిన పెంకు పురుగుల్ని ఏరి కిరసనాయిలు కలిపిన నీటిలో వేయవచ్చు. ఒక్కరు చేస్తే పక్క చెట్ల పురుగు మీ చేలోకే వస్తుంది, అందుకే ఊరంతా అన్నది. వేసవి దుక్కి లోతుగా దున్నితే బయటపడిన వాటిని కాకులు, కొంగలు, గోరింకలు ఏరుకు తింటాయి. నాగలి వెనకాల అవి నడిచే రోజున తొందరపడి తోలేయకండి. మాగని పశువుల ఎరువు వేస్తే పురుగును పిలిచినట్టే. బాగా మాగిన ఎరువులో మెటారైజియం పొడి కలిపి, నీడలో తడి ఆరకుండా కొన్ని రోజులు ఉంచి, తేమ ఉన్నప్పుడు సాళ్లలో వేయండి. ఎకరానికి ఎంత వేయాలో మీ పంటను, నేలను బట్టి దగ్గర్లోని పరిశోధన కేంద్రం వారిని అడిగి తెలుసుకోండి. వెళ్లేటప్పుడు చేలో దొరికిన పురుగుల్ని నాలుగైదింటిని మట్టితో సహా డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి. వేరు పురుగుల్లోనూ రకాలున్నాయి, ఏదో తెలిశాకే వాళ్లు సరైన మందు చెప్పగలరు.